దూరాన దాచిన నకలుకు కాపలా ఎవరు?



హాస్టల్‌లో చేరిన మొదటి రోజు మనందరి చేతిలో ఒక ట్రంకు పెట్టె, ఆ పెట్టె అడుగున ఒక ప్లాస్టిక్ కవరు ఉంటాయి. కవరులో పదో తరగతి మెమో, టీసీ, బోనఫైడ్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం. బస్సెక్కించేటప్పుడు అమ్మ చెప్పిన మాట ఒక్కటే, "ఏం పోయినా ఆ కవరు పోగొట్టుకోకు బిడ్డా" అని. మనలో ముందుచూపు ఉన్నవాళ్లు ఇంకో పని కూడా చేసేవాళ్లు. రెండు సెట్లు జిరాక్సు తీయించి ఒకటి ఊళ్లో, ఒకటి మేనమామ ఇంట్లో పెట్టి వచ్చేవాళ్లు. హాస్టల్‌లో పెట్టె పోయినా, ఊళ్లో గుడిసె కాలినా ఒక సెట్టు మిగులుతుందని.

బ్యాంకులూ, స్టాక్ ఎక్స్‌ఛేంజీలూ కోట్లు పెట్టి చేసే పని కూడా మూలంలో ఇదే. ఒక చోట సర్వర్‌లో ఉన్న డేటాబేస్‌కు మరో ఊళ్లోని సర్వర్‌లో ఎప్పటికప్పుడు నకలు తయారవుతూ ఉంటుంది. దీన్నే 'జియోగ్రాఫిక్ రెప్లికేషన్' అంటారు. జిరాక్సు తీసిన రోజు దగ్గరే ఆగిపోతుంది. రెప్లికేషన్ ఆగదు. ఇక్కడ ఒక పేరు దిద్దితే అక్కడా దిద్దుకుంటుంది.

పోయినసారి పూర్వ విద్యార్థుల సమావేశంలో కొందరు తమ్ముళ్లు మమ్మల్ని నిలదీశారు. "అన్నా, మా సర్టిఫికెట్లన్నీ మీ కంప్యూటర్‌లో ఎక్కించారు కదా. పోతే ఎట్లా? ఎవడైనా చూస్తే ఎట్లా?" అని. న్యాయమైన ప్రశ్న. ఆ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాం. కాబట్టి ఈ వ్యాసం.

ముందు వాన సంగతి

మేము ఐదారుగురం కలిసి తమ్ముళ్ల ఉపకార వేతనాల దరఖాస్తులు నింపడానికి, కౌన్సెలింగ్ సమయంలో పత్రాలు అందించడానికి ఒక చిన్న రిజిస్టరు పెట్టిన సంగతి మీకు తెలిసిందే. ఈ-పాస్ వచ్చాక దరఖాస్తు అంతా ఆన్‌లైనే. ఒక అంకె తప్పయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుంది, కాలేజీ వాళ్లు మెమో ఆపేస్తారు. అందుకే వివరాలన్నీ ఒక చోట ఉండాలనుకున్నాం. అసలు కంప్యూటర్ దిల్‌సుఖ్‌నగర్‌లో, సరూర్‌నగర్ చెరువు వైపు వీధిలో మేము అద్దెకున్న కింది గదిలో ఉండేది. నకలు ఎల్బీనగర్‌లో ఒక మిత్రుడి ఇంట్లో, రెండో అంతస్తులో ఉండేది. మధ్య దూరం నాలుగు కిలోమీటర్లకు అటూఇటూ. మెట్రోలో మూడు స్టేషన్లు. రెండు చోట్ల ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాం.

2020 అక్టోబర్ 13న వాన మొదలైంది. పై చెరువుల నీళ్లన్నీ వచ్చి చేరితే సరూర్‌నగర్ చెరువు పొంగి, చుట్టుపక్కల కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మా గదిలో మంచం మునిగింది, బల్ల కింద ఉన్న సీపీయూ సంగతి చెప్పక్కర్లేదు. ఎల్బీనగర్ నకలుకు తడి తగల్లేదు కానీ రెండు రోజులు కరెంటు లేదు, ఆపైన ఇంటర్నెట్ లేదు. అవి ప్రవేశాలు జరుగుతున్న రోజులు. కరోనా వల్ల హాస్టళ్లు మూసి ఉండడంతో తమ్ముళ్లంతా ఊళ్లలో ఉండి మాకు ఫోన్లు. చివరకు ఆ కంప్యూటర్‌నే ఆటోలో వేసుకుని కరెంటున్న ఇంటికి తీసుకెళ్లి పత్రాలు పంపాం. ఒక్కరికి మాత్రం గడువు దాటిపోయింది.

దీంతో తెలిసిందేమిటంటే, నాలుగు కిలోమీటర్ల దూరం దొంగతనానికి, షార్ట్ సర్క్యూట్‌కు చాలుతుంది. వానకు చాలదు. రెండిళ్ల మీదా కురిసేది ఒకే మబ్బు. పెద్ద సంస్థలు నకలుకు చోటు ఎంచుకునేటప్పుడు భూకంప పటాన్ని కూడా ముందు పెట్టుకుంటాయి. 2002 నాటి పటంలో ఢిల్లీ 4వ జోన్, ముంబయి 3వ జోన్, హైదరాబాద్ అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న 2వ జోన్. ఆధార్ డేటా కేంద్రాలు కూడా రెండున్నాయి, ఒకటి బెంగళూరులో, ఇంకొకటి హర్యానాలోని మానేసర్‌లో. మేము మా మూడో నకలును ముంబయిలో అద్దె సర్వర్ మీద పెట్టాం. 2005 జూలై 26న ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడిన ఊరు కదా అని మాలో ఒకరు అన్నారు. పడనీ, మనకు పడిన రోజే అక్కడా పడకపోతే చాలనుకున్నాం.

దగ్గరా దూరమా

దూరంగా పెడితే ఒక చిక్కుంది. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు పోయి రావడానికి సెకనులో 25 వేలవ వంతు చాలు. ముంబయికి సూటిగా లెక్కేసినా 600 కిలోమీటర్లకు పైనే. పోయి వచ్చేసరికి కనీసం 6 మిల్లీసెకన్లు, అసలు దారుల్లో ఇంకా ఎక్కువ. ఇదేమంత ఆలస్యం అనిపిస్తుంది. కానీ సెకనుకు వేల లావాదేవీలు చేసే బ్యాంకు ప్రతి లావాదేవీకీ "అక్కడ రాసుకున్నారా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలంటే క్యూ పెరిగిపోతుంది. అలా ఆగే పద్ధతిని సింక్రోనస్ అంటారు. ఆగకుండా ఇక్కడ రాసేసి, అక్కడికి వెనకాల పంపే పద్ధతి అసింక్రోనస్. మొదటి దాంట్లో ఒక్క వరుసా పోదు కానీ నడక మందం. రెండో దాంట్లో నడక చురుకు కానీ ప్రమాదం జరిగిన క్షణంలో దారిలో ఉన్న ఒకటి రెండు వరుసలు పోవచ్చు. అందుకే పెద్దవాళ్లు దగ్గర్లో ఒకటి సింక్రోనస్‌గా, దూరంగా ఒకటి అసింక్రోనస్‌గా పెట్టుకుంటారు.

అంత చేసినా దెబ్బ తగలదని కాదు. 2021 ఫిబ్రవరి 24న ముంబయి నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజిలో ఉదయం 11:40కి ట్రేడింగ్ ఆగిపోయింది. ప్రధాన కేంద్రానికీ, దగ్గరి నకలు కేంద్రానికీ మధ్య రెండు వేర్వేరు టెలికాం సంస్థల లింకులున్నాయి. రోడ్డు తవ్వకాల్లో రెండూ తెగాయి. నకలు ఆగడంతో ఊరుకోలేదు, ప్రధాన కేంద్రంలోని నిల్వ వ్యవస్థే సర్వర్లకు అందకుండా పోయింది. మధ్యాహ్నం 3:45కి గానీ మళ్లీ మొదలు కాలేదు. దూరాన చెన్నైలో ఇంకో కేంద్రం ఉన్నా దానికి మారలేదు. మెట్రో పిల్లర్లు, ఎల్బీనగర్ చౌరస్తా అండర్‌పాస్ పనులు జరిగిన రోజుల్లో మన దగ్గర కేబుళ్లు ఎన్నిసార్లు తెగాయో గుర్తున్నవాళ్లకు ఇది వింతగా ఉండదు. ఇద్దరి దగ్గర కనెక్షన్ తీసుకున్నా రెండు తీగలూ ఒకే గుంతలో పోతుంటే అవి రెండు కావు.

పోస్టు కార్డు, మూసిన కవరు

ఇక అసలు విషయానికి వద్దాం. రిజిస్టరు ఒక్క చోట ఉన్నప్పుడు ఒక్క తలుపుకు కాపలా ఉంటే చాలు. నకలు పెట్టామంటే రెండో తలుపు వచ్చింది, రెండు తలుపుల మధ్య ఊరి బాటా వచ్చింది. నకలు పెట్టి సంబరపడేవాళ్లు ఎక్కువగా మరిచేది ఈ రెండింటినే.

బాట సంగతి చూద్దాం. మా కాలంలో ఇంటి నుంచి పోస్టు కార్డు వస్తే మన చేతికి అందేలోపు మెస్‌లో పది మంది చదివేసేవాళ్లు. ఇన్‌లాండ్ కవరు వస్తే చదవలేరు. డేటాబేస్ రెప్లికేషన్ కూడా మనం ప్రత్యేకంగా చెప్పకపోతే చాలాసార్లు పోస్టు కార్డులాగే పోతుంది. ఇది మనలాంటి చిన్నవాళ్ల పొరపాటే అనుకోకండి. 2013 అక్టోబర్‌లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. గూగుల్, యాహూ సంస్థల డేటా కేంద్రాల మధ్య నడిచే తీగల నుంచి అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు సమాచారాన్ని లాగుతున్నాయని. మన కంప్యూటర్‌కూ గూగుల్‌కూ మధ్య తాళం ఉంది. గూగుల్ సొంత కేంద్రాల మధ్య మాత్రం అప్పటికి అంతటా తాళం లేదు. "మన ఇంట్లో మన గదుల మధ్యే కదా" అనుకున్నారు. ఆ తర్వాతే ఆ దారులన్నిటికీ తాళాలు పడ్డాయి. ఎన్ని వందల మైళ్ల అవతల ఉన్నా 'సొంత గది' అనుకోవడం దగ్గరే వచ్చింది తంటా.

మేము వాడేది మైఎస్‌క్యూఎల్ అనే ఉచిత డేటాబేస్. పాత పుస్తకాల్లో ఇందులో అసలు సర్వర్‌ను 'మాస్టర్' అనీ, నకలు సర్వర్‌ను 'స్లేవ్' అనీ రాసి ఉంటుంది. అంటే దొర, బానిస. 2020లో ఆ సంస్థ ఈ పేర్లు తీసేసి 'సోర్స్', 'రెప్లికా' అని మార్చింది. మన హాస్టల్ పత్రికలో పాత పేర్లతో మనకు పని లేదు.

సోర్స్ తాను చేసిన ప్రతి మార్పునూ బైనరీ లాగ్ అనే చిట్టాలో రాస్తుంది. రెప్లికా వచ్చి ఆ చిట్టా చదివి తన దగ్గర అదే మార్పు చేసుకుంటుంది. ఈ చదవడాన్ని టీఎల్‌ఎస్ అనే తాళంలో పెట్టాలి. ఇక్కడ చాలామంది సగంలో ఆగిపోతారు. కవరు మూశారు సరే, కవరు ఎవరికిస్తున్నారు? ఆదివారం హాస్టల్ గేటు దగ్గరకు ఒకాయన వచ్చి "నేను ఫలానా వాడి బాబాయిని" అంటే వార్డెన్ సారు ఊరు, పేరు, ఉత్తరం అడగకుండా పంపిస్తారా? రెప్లికా కూడా "నువ్వు నిజంగా మా ఎల్బీనగర్ సర్వర్‌వేనా, ముద్ర చూపించు" అని అడగాలి. సోర్స్ కూడా అటు అడగాలి. ఈ ముద్రనే సర్టిఫికెట్ అంటారు. ముద్ర చూడకుండా మాటలకు తాళం మాత్రమే వేస్తే, మధ్యలో దొంగ నిలబడి ఇద్దరితోనూ తాళం వేసుకునే మాట్లాడగలడు. ముద్రలు వేసే అసలు తాళంచెవిని మేము ఇంటర్నెట్ తగలని ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టాం.

తలుపు సంగతి ఇంకా సులువైనది, అందుకే ఇంకా ఎక్కువ మంది మరిచిపోతారు. 2017 జనవరిలో మాంగోడీబీ అనే డేటాబేస్‌ను పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టిన వేల సర్వర్లను దొంగలు ఒక్కొక్కటిగా తుడిచేసి, బిట్‌కాయిన్లు కడితే తిరిగిస్తామని చీటీ పెట్టిపోయారు. చాలాచోట్ల వాళ్లు నకలు కూడా తీసుకోలేదు, కట్టినా వచ్చేది ఏమీ లేదు. మేము ముంబయి సర్వర్‌ను మొదట పెట్టినప్పుడు 3306 అనే డేటాబేస్ ద్వారాన్ని ఒక రాత్రి తెరిచి ఉంచాం. తెల్లారి లాగ్ చూస్తే ఏ దేశాల నుంచో వేల సార్లు ఎవరో తలుపు కొట్టి పోయారు. మనమీద పగ ఉండి కాదు, వీధిలో ప్రతి గొళ్లెమూ లాగి చూసే యంత్రాలు అవి. ఆ రోజే ద్వారం మూసి, మూడు చోట్ల మధ్య వీపీఎన్ అనే సొంత సొరంగం వేశాం. ఇప్పుడు బయటివాళ్లకు అక్కడ తలుపున్నట్టే కనిపించదు.

ఇంకొక సంగతి. రెప్లికా లోపలికి రావడానికి వాడే పాస్‌వర్డ్ మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా రెప్లికా దగ్గరే, చదవగలిగే రూపంలో నిల్వ ఉంటుంది. ముంబయి సర్వర్ దొంగ చేతికి చిక్కితే ఆ పాస్‌వర్డూ చిక్కినట్టే. అందుకే ఆ పేరు మీద చిట్టా చదివే హక్కు తప్ప ఏదీ ఇవ్వకూడదు. సోర్స్‌లో రాయడం, చెరపడం దానికి చేతకాకూడదు. వంటమనిషికి సామాన్ల గది తాళం ఇస్తాం గానీ ఆఫీసు బీరువా తాళం ఇవ్వం కదా. ముంబయి డిస్కు మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తాళంచెవిని హైదరాబాద్‌లోనే ఉంచాం. కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేస్తే మాలో ఒకరు ఇక్కడి నుంచి తాళం తీయాలి. విసుగే, కానీ పిల్లల కాగితాలు కదా.

అన్నిటికన్నా పెద్ద తాళం వేరే ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. అవసరం లేనిది దాచకపోవడం. మొదట్లో ఆధార్ కార్డు స్కానులు కూడా ఎక్కించాం. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఏ దరఖాస్తు రోజున ఆ రోజు తమ్ముడే కార్డు చూపించవచ్చు, మా దగ్గర ఉండక్కర్లేదు. అన్నీ తీసేశాం.

పందొమ్మిది రోజులు

2023లో మా వల్ల ఒక తప్పు జరిగింది. దాచుకోవడం మంచిది కాదు కాబట్టి రాస్తున్నాం. మేము వేసిన ముద్రలకు ఏడాది గడువు పెట్టాం, ఆ గడువు తీరిన సంగతి మరిచాం. వింతేమిటంటే గడువు తీరిన రోజున ఏమీ కాలేదు. అప్పటికే కలిసి ఉన్న లింకు అలాగే నడిచింది. ఆ తర్వాత ఒక రాత్రి కేబుల్ తెగి మళ్లీ కలవబోయినప్పుడు, పాత ముద్ర చెల్లదని సోర్స్ తలుపు తీయలేదు. రెప్లికా పద్ధతి ప్రకారం నిమిషానికోసారి తలుపు కొడుతూనే ఉంది. మేమెవరం చూడలేదు. పందొమ్మిది రోజులు గడిచాయి. అదే సమయంలో ఎల్బీనగర్ కంప్యూటర్ మరమ్మతుకు వెళ్తే, ముంబయి నకలు చూసి ఒక తమ్ముడి దరఖాస్తు నింపాం. ఆ తమ్ముడు రెండు వారాల ముందే బ్యాంకు ఖాతా మార్చి మాకు చెప్పాడు, మేమూ ఎక్కించాం. ముంబయిలో మాత్రం పాత ఖాతానే ఉంది. దాన్ని సరిదిద్దేసరికి అతనికి రెండు నెలలు డబ్బు రాలేదు. మెస్ బిల్లుకు మేము చందా వేసుకున్నాం, అది వేరే సంగతి.

అప్పటి నుంచి సోర్స్‌లో గంటకోసారి ఒక వరుసలో అప్పటి సమయం రాసే ఏర్పాటు చేశాం. నకళ్లలో ఆ సమయం ఉండాల్సిన దానికన్నా రెండు గంటలు వెనకబడితే ముగ్గురి ఫోన్లు మోగుతాయి. 'నకలు నడుస్తోందా' అని నకలునే అడిగితే సరిపోదు. పడుకున్నవాణ్ని "పడుకున్నావా?" అని అడిగినట్టు ఉంటుంది.

తప్పుకూ నకలు వస్తుంది

రెప్లికేషన్ వరదకు మందు. చేతి పొరపాటుకు కాదు. ఇక్కడ వరుస చెరిపితే అక్కడా చెరుగుతుంది, కన్ను మూసి తెరిచేలోపే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో రెప్లికేషన్ వెనకబడింది. దాన్ని మళ్లీ మొదటి నుంచి నడపడానికి ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయాక రెప్లికాను ఖాళీ చేయబోయి, పొరపాటున అసలు సర్వర్‌ను ఖాళీ చేశాడు. తేరుకుని ఆపేసరికి 300 గిగాబైట్లలో నాలుగున్నరే మిగిలింది. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్ చాలాకాలంగా విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లూ చేరడం లేదు. వేరే పనికి ఆరు గంటల క్రితం తీసిన ఒక నకలు అదృష్టవశాత్తూ దొరికింది. ఆ ఆరు గంటల సమాచారం పోయింది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా రాసింది. మా మూడో నకలు పెట్టేముందు అది మేమంతా చదివాం.

అసలు నకలే లేకపోతే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. 2025 సెప్టెంబర్ 26న దేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకుని మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగుల పత్రాలు దాచే 858 టెరాబైట్ల నిల్వ కాలిపోయింది. అంత పెద్దదానికి నకలు ఎక్కడ పెడతామని బయట పెట్టలేదట.

ఇంకో ఉపద్రవం ఇద్దరు పెద్దల గొడవ లాంటిది. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్ సంస్థకు అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. అంతే. ఆ 43 సెకన్లలో యంత్రాలు వాటంతటవే పడమటి తీరంలోని నకలును పెద్దను చేశాయి. తూర్పున కొన్ని సెకన్ల రాతలు పడమరకు చేరలేదు, పడమర కొత్తవి రాసేసింది. రెండు రిజిస్టర్లను కలిపి సరిచేయడానికి 24 గంటల పైన పట్టింది. అందుకే మేము పెద్దరికం మార్చే పని యంత్రానికి ఇవ్వలేదు. మాలో ఇద్దరు ఫోన్‌లో మాట్లాడుకుని ఒప్పుకుంటేనే మారుతుంది. నకళ్లన్నీ అంతవరకు చదవడానికే, రాయడానికి వీల్లేకుండా కట్టిపెట్టి ఉంటాయి. స్టాక్ ఎక్స్‌ఛేంజికి ఈ పద్ధతి పనికిరాకపోవచ్చు. మన రిజిస్టరు అరగంట ఆగితే కొంప మునగదు.

ప్రస్తుతం ఏర్పాటు ఇది. సోర్స్ ఎల్బీనగర్‌లో రెండో అంతస్తులో ఉంది. ముంబయి నకలు వెంటవెంటనే నడుస్తుంది, అది వరద కోసం. దిల్‌సుఖ్‌నగర్ నకలును ఈసారి మూడో అంతస్తుకు ఎక్కించి, కావాలనే ఆరు గంటలు వెనక నడుపుతున్నాం, అది చేతి పొరపాట్ల కోసం. ఉదయం ఎవరైనా తప్పుగా చెరిపితే మధ్యాహ్నం లోపు అక్కడ ఆపి వెనక్కు తెచ్చుకోవచ్చు. వారానికోసారి మొత్తం తీసి తాళం వేసిన హార్డ్ డిస్కులో పెడతాం, అలాంటివి నాలుగు డిస్కులు వంతులవారీగా తిరుగుతుంటాయి.

వార్షికోత్సవం తర్వాతి ఆదివారం ఉదయం పదింటికి ఎల్బీనగర్ కంప్యూటర్‌ను కావాలనే ఆపేసి, ముంబయి నకలు మీద పని నడిపి చూస్తాం. ఆరు నెలలకోసారి ఇలా చేస్తున్నాం. పోయినసారి యాభై నిమిషాలు పట్టింది, అందులో ఇరవై నిమిషాలు తాళంచెవి పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గరుందో వెతకడానికే. చూడాలనుకున్న తమ్ముళ్లు రావచ్చు. మీ పేరు మీద మా దగ్గర ఏమేమున్నాయో చూసుకుని, వద్దన్నవి అక్కడికక్కడే తీసేయించుకోవచ్చు. ఎల్బీనగర్‌లో, ముంబయిలో వెంటనే పోతాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరు గంటల తర్వాత, డిస్కుల్లో నుంచి నాలుగు వారాలకు పోతాయి.